కేసు కొట్టేశారట! కాగితం ఏది?

మన మొహల్లాల్లో ఒక మాట చాలా చవకగా చెలామణీ అవుతోంది. “కేసు కొట్టేశారులే భాయ్, ఇక కోర్టుకు పోనక్కర్లేదు.” ఈ మాట ఫైనాన్సు గుమాస్తా అంటాడు. అప్పిచ్చిన షావుకారు అంటాడు. మధ్యవర్తిత్వం నెరపిన మన పెద్దమనిషి గడ్డం నిమురుకుంటూ అంటాడు. విన్నవాడు అల్‌హమ్దులిల్లాహ్ అనుకొని ఇంటికి వెళ్లి హాయిగా నిద్రపోతాడు. ఏ న్యాయాధికారీ ఆ మాట అనలేదన్న సంగతి తెలియడానికి అతనికి ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. తెలిసేనాటికి గుమ్మంలో అమీనా నిలబడి ఉంటాడు.

మా పట్టణంలో ఒక దర్జీ ఉన్నాడు. పేరు రాయను, అతనికి ఇద్దరు పెళ్లికెదిగిన ఆడపిల్లలు. 2016లో దుకాణం అడ్వాన్సు కోసం ఒక ప్రైవేటు ఫైనాన్సులో 40 వేల రూపాయలు తీసుకున్నాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ. ప్రామిసరీ నోటు మీద తాను సంతకం చేశాడు, బావమరిది చేత జామీను సంతకం చేయించాడు. కొన్ని వాయిదాలు కట్టాడు, కొన్ని తప్పాడు. 2018లో ఇద్దరి మీదా దావా పడింది, మొత్తం 52,600 రూపాయలకు. సమన్లు అందుకున్న సాయంత్రమే అతడు మస్జిద్ కమిటీలోని ఒక పెద్దాయనను వెంటబెట్టుకొని ఫైనాన్సు ఆఫీసుకు వెళ్లాడు. బేరం 38 వేలకు కుదిరింది. రెండు విడతల్లో పూర్తిగా కట్టేశాడు. “నోటు కోర్టులో దాఖలైంది, తిరిగి రాగానే ఇచ్చేస్తాం. మా వకీలు మెమో వేస్తారు. వాయిదాకు మీరు రావద్దు, అనవసరంగా ఒక రోజు పని పోతుంది” అని చెప్పి పంపారు. ఎంత దయ!

అతడు వాయిదాకు వెళ్లలేదు. మెమో దాఖలు కాలేదు. కోర్టు బంట్రోతు మూడుసార్లు పేరు పిలిచాడు, పలికినవాడు లేడు. ఇద్దరినీ ఎక్స్‌పార్టీ చేశారు, మరో వాయిదాకు డిక్రీ ఇచ్చారు. దావా మొత్తం, ఖర్చులు, తదుపరి వడ్డీ. 2023లో ఈపీ నోటీసు వచ్చింది. అడిగిన సొమ్ము 71 వేల పైచిలుకు. బావమరిదికి కూడా అదే నోటీసు. ఆనాటి నుండి రెండు కుటుంబాల మధ్య మాటలు లేవు.

నోటీసు పట్టుకొని అతడు ముందుగా ఆ పెద్దాయన దగ్గరికే పోయాడు. “ఇదేదో పాత కాగితం, పొరపాటున వచ్చి ఉంటుంది, పట్టించుకోకు” అన్నాడాయన. అదృష్టవశాత్తు ఈసారి దర్జీ భార్య ఆ మాట నమ్మలేదు. ఆ కాగితాన్ని నా ముందుకు తెచ్చిన మనిషి ఆమె.

ఇక్కడ చట్టం ఏమంటుందో కొంచెం ఓపికగా చూద్దాం. మన వాళ్లు మోసపోయేది చట్టం కఠినంగా ఉన్నందుకు కాదు, చట్టంలో ‘కొట్టేయడం’ అనే మాటకు నాలుగైదు అర్థాలు ఉన్నందుకు.

సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908లో 23వ ఆర్డరు 1వ రూలు ప్రకారం వాది తన దావాను ఉపసంహరించుకోవచ్చు. మళ్లీ దావా వేసుకునే అనుమతి కోర్టు నుండి పొందకుండా ఉపసంహరించుకుంటే, అదే విషయం మీద తిరిగి దావా వేసే హక్కు పోతుంది. అనుమతి పొంది ఉపసంహరించుకుంటే ఆ హక్కు బతికే ఉంటుంది. రెండింటికీ మన మొహల్లాలో పేరు ఒక్కటే: కొట్టేశారు. అదే రూలు ఇంకో వెసులుబాటు కూడా ఇస్తుంది. ప్రతివాదులందరి మీదా గాని, వారిలో ఏ ఒక్కరి మీద గాని దావాను వదులుకోవచ్చు. అంటే అప్పు తీసుకున్నవాడి మీద వదిలేసి జామీనుదారు మీద నడుపుకోవచ్చు. “నీ మీద కేసు తీసేశాం” అని అప్పుదారుతో అన్నమాట అక్షరాలా నిజమై ఉండి కూడా అతని బావమరిది ఇంటికి జప్తు రావచ్చు.

తర్వాత, డిఫాల్టు కింద కొట్టివేత. దీని సంగతి 9వ ఆర్డరులో ఉంది. వాయిదా నాడు ప్రతివాది హాజరై వాది రాకపోతే దావా కొట్టేస్తారు. అప్పుడు వాది అదే కారణంతో కొత్త దావా వేయలేడు, ముప్పై రోజుల్లో తగిన కారణం చూపి పాతదాన్నే తిరిగి తెరిపించుకోవాలి. కాని ఆ రోజు ఇద్దరూ రాకపోతే? అప్పుడూ దావా కొట్టేస్తారు. అయితే కాలపరిమితి మిగిలి ఉంటే వాది కొత్త దావాయే వేసుకోవచ్చు. ఇప్పుడు ఆలోచించండి, “మీరు రావద్దు” అనే సలహా ఎవరికి లాభం? ప్రతివాది ఆ ఒక్క రోజు కోర్టులో నిలబడటానికీ నిలబడకపోవడానికీ మధ్య ఇంత తేడా ఉంటే, రావద్దని చెప్పేవాడు మన శ్రేయోభిలాషి ఎలా అవుతాడు?

మూడోది రాజీ. 23వ ఆర్డరు 3వ రూలు ప్రకారం రాజీ రాతపూర్వకంగా ఉండాలి, ఇరుపక్షాలూ సంతకం చేయాలి, కోర్టు దాన్ని నమోదు చేసి ఆ మేరకు డిక్రీ ఇవ్వాలి. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ కూడా అవార్డు అవుతుంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కనుక రాజీ జరిగినంత మాత్రాన కథ ముగిసినట్లు కాదు. అందులో వాయిదాలు రాసి ఉంటే, ఒక వాయిదా తప్పితే ఆ రాజీ కాగితమే ఈపీకి పునాది అవుతుంది.

నాలుగోది అన్నిటికన్నా మోసకరమైనది. ఈమధ్య మన కుర్రవాళ్లు ఫోనులో ఈ-కోర్ట్స్ యాప్ తెరిచి, పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు కొట్టి, ‘డిస్పోజ్డ్’ అని కనిపించగానే “చాచా, మీ కేసు అయిపోయింది” అని మిఠాయి అడుగుతున్నారు. డిస్పోజ్డ్ అంటే కోర్టు తన కట్టను ముగించిందని మాత్రమే. కొట్టేసినా అదే మాట, మీ మీద పూర్తి డిక్రీ ఇచ్చినా అదే మాట. మన దర్జీ కేసు కూడా యాప్‌లో 2019 నుండి డిస్పోజ్డ్ అనే ఉంది. అబద్ధమేమీ లేదు.

అతడు కట్టిన 38 వేల మాట ఏమిటి? రశీదులు ఉన్నాయి కదా? ఉన్నాయి, రెండు చిన్న చీటీలు. వాటిమీద దావా నంబరు లేదు, ‘పూర్తి పరిష్కారంగా’ అన్న మాట లేదు. పైగా డిక్రీకి ముందు కట్టిన సొమ్మును దావా నడుస్తున్నప్పుడే జవాబులో చెప్పుకోవాలి. డిక్రీని అమలుచేసే కోర్టు ఆ డిక్రీ వెనక్కి పోయి విచారించదు. డిక్రీ తర్వాత కోర్టు బయట కడితే మరో ముళ్లకంప. 21వ ఆర్డరు 2వ రూలు ప్రకారం ఆ చెల్లింపును కోర్టులో సర్టిఫై చేయించి నమోదు చేయించాలి. నమోదు కాని చెల్లింపును అమలు కోర్టు గుర్తించదు. నమోదు చేయించమని బాకీదారు కోరడానికి గడువు ముప్పై రోజులు. ఆ ముప్పై రోజుల సంగతి మన బజారులో ఎంతమందికి తెలుసు? డిక్రీ ఆయుర్దాయం మాత్రం పన్నెండేళ్లు. అప్పిచ్చినవాడు పదకొండో ఏట నిద్రలేచినా చట్టం అతని పక్షాన మేల్కొనే ఉంటుంది.

ఇదంతా చదివి, “అందరికీ ఉన్న కష్టమే కదా, ఇందులో ముస్లింల సమస్య ఏముంది?” అని అడిగేవారు ఉంటారు. అడగవలసిన ప్రశ్నే. ఎక్స్‌పార్టీ డిక్రీకి మతం లేదు. కాని ఆ డిక్రీ దాకా నడిపించే దారికి ఉంది. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక బ్యాంకు రుణాల్లో ముస్లింల వాటా వారి జనాభాతో పోలిస్తే ఎంత తక్కువో చూపింది. కొన్ని బ్యాంకులు ముస్లింలు అధికంగా నివసించే ప్రాంతాలను ప్రతికూల మండలాలుగా గుర్తు పెట్టుకుంటున్నాయని కూడా ఆ నివేదిక ఎత్తిచూపింది. బ్యాంకు తలుపు మూసుకున్న చోట ప్రైవేటు ఫైనాన్సు తలుపు తెరుచుకుంటుంది. అక్కడ సంతకం పెట్టించుకునేది చాలాసార్లు ఖాళీ నోటు మీద. అసంపూర్ణమైన స్టాంపు పత్రం మీద సంతకం చేసి ఇచ్చినవాడు, దాన్ని నింపుకొనే అధికారాన్ని కూడా ప్రాథమికంగా ఇచ్చినట్లేనని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. మెకానిక్కులు, దర్జీలు, తోపుడుబండ్లవాళ్లు, వెల్డింగు పనివాళ్లు ఈ దారిలో మందలుగా నడుస్తున్నారు.

ఇక భాష. దావా ప్రతి ఇంగ్లీషులో వస్తుంది. దర్జీకి ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు కూడబలుక్కొని చదవగలడు, ఇంగ్లీషు రాదు. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూకు రెండవ అధికార భాష హోదా ఇస్తూ శాసనాలు చేశారు. శాసనసభలో బల్లలు చరిచారు, మనవాళ్లు పూలదండలు వేశారు. ఇన్నేళ్లలో మా కోర్టు ఆవరణలో ఉర్దూలో ఉన్న సమన్లు నేను ఒక్కటీ చూడలేదు. కింది కోర్టుల భాష ఏదో ప్రకటించే అధికారం సివిల్ ప్రొసీజర్ కోడ్ 137వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ సెక్షన్ పేరు ఎత్తి ఒక్క వినతిపత్రం రాసిన మన నాయకుడెవరో నాకు చూపించండి. ఇఫ్తార్ విందుల ఫొటోలు కావలసినన్ని ఉన్నాయి.

వ్యవస్థ వైపు నుండి నాకు అన్నిటికన్నా అన్యాయంగా తోచేది మరొకటి. దావా మొదలైనప్పుడు కోర్టు మనిషి ఇంటికి వస్తాడు. ఇంట్లో లేకపోతే ఇంటిలోని పెద్దల చేతికి ఇస్తాడు, తీసుకోకపోతే తలుపుకు అంటిస్తాడు. అంత పట్టుదల. అదే దావా ముగిసినప్పుడు, అది కొట్టివేతే కానివ్వండి, డిక్రీయే కానివ్వండి, హాజరుకాని ప్రతివాది ఇంటికి ముగింపు కబురు చెప్పడానికి ఎవరూ రారు. డిక్రీ అయి రెండేళ్లు దాటితే అమలుకు ముందు నోటీసు ఇవ్వాలని 21వ ఆర్డరు 22వ రూలు చెబుతోంది గనుక మన దర్జీకి ఆ నోటీసైనా దక్కింది. రెండేళ్లలోపే ఈపీ వేసి ఉంటే నేరుగా జప్తుతోనే సంగతి తెలిసేదేమో. ప్రతి డిక్రీ, ప్రతి కొట్టివేత గురించి ప్రతివాదికి తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక్క పుట కబురు పంపడం ఇంత పెద్ద న్యాయవ్యవస్థకు మోయలేని భారమా?

అయితే కోర్టును తిట్టి ఊరుకుంటే మన ఇంటి చెత్త మన గుమ్మంలోనే ఉండిపోతుంది. ఫైసలాలు చేసే మన పెద్దలతో నాకు పేచీ ఉంది. అప్పు వ్యవహారాన్ని రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుక్కోవద్దని చెప్పిన ఆయత్ ఖుర్ఆన్‌లోకెల్లా దీర్ఘమైన ఆయత్. అల్‌బఖరా సూరాలో 282వది. దాని మీద గంటసేపు ప్రసంగించగల పెద్దలు మనకు ఉన్నారు. అదే పెద్దలు కోర్టులో ఉన్న వ్యవహారాన్ని టీ కప్పుల మధ్య నోటిమాటగా తెంపి, చేతులు కలిపించి, ఫాతిహా చదివి పంపిస్తారు. రాజీ కుదిర్చిన పుణ్యం తమ ఖాతాలో వేసుకుంటారు. మెమో దాఖలైందో లేదో చూసే బాధ్యత మాత్రం ఎవరి ఖాతాలోనూ ఉండదు. రాజీ చేయడం మంచిదే, నేను కాదనను. కోర్టులో పుట్టిన వ్యవహారం కోర్టు రికార్డులోనే చావాలి. ఆ చివరి అడుగు వేయించలేని పెద్దరికం దేనికి?

మరో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఇలా వడ్డీకి అప్పిచ్చి, సొమ్ము రాబట్టుకొని, దావాను నిద్రపుచ్చినట్లు నటించేవారు అందరూ పరాయివాళ్లు కారు. కమిటీల్లో ముందు వరుసలో కూర్చునేవారిలోనూ ఉన్నారు. చిట్టీల పేరుతోనో, భాగస్వామ్యం పేరుతోనో. వాళ్లను ఎవరూ ఏమీ అనరు, మస్జిద్ రంగులకు చందా ఇస్తారు గనుక.

“రోజు కూలి పోగొట్టుకొని కోర్టు చుట్టూ తిరగమంటావా?” అని ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. అవును, ఒక రోజు తిరగమంటాను. మెమో వేస్తామన్న వాయిదాకు స్వయంగా వెళ్లి, పేరు పిలిచినప్పుడు “ఉన్నాను సార్” అని పలకమంటాను. సొమ్ము కట్టేముందే దావా నంబరు, కోర్టు పేరు, ఇరువురి సంతకాలు, పూర్తి పరిష్కారం అన్న మాట ఉన్న కాగితం తీసుకోమంటాను. వీలైతే కేసును లోక్ అదాలత్‌కు పెట్టించి అక్కడే సొమ్ము ముట్టజెప్పి, ముట్టినట్లు అవార్డులో రాయించుకోమంటాను. అక్కడ ఫీజు లేదు, అవార్డు నకలు ఉచితంగా ఇస్తారు. లేదంటే ఉపసంహరణ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టి, అది చేతికి వచ్చాక, అందులో జామీనుదారు పేరు కూడా ఉందని చదివించుకున్నాక, అప్పుడు అల్‌హమ్దులిల్లాహ్ అనమంటాను. చెక్కు కూడా ఇచ్చి ఉంటే అది పూర్తిగా వేరే వ్యవహారం. 138వ సెక్షన్ కింద చెక్కు కేసు క్రిమినల్ కోర్టులో విడిగా నడుస్తుంది, డబ్బు దావా పోయినంత మాత్రాన అది పోదు. అందులో రాజీని ఆ కోర్టులోనే నమోదు చేయించాలి. ఇది పాటించక, వారంటు మీద పోలీసు స్టేషన్‌లో కూర్చున్నవారిని చూశాను.

అయిపోయిందనుకున్న కేసులో హఠాత్తుగా కాగితం వస్తే తిరస్కరించవద్దు. తీసుకోకుండా వెనక్కి పంపితే కేసు వెనక్కి పోదు, అందినట్లే లెక్క వేసుకొని ముందుకు పోతుంది. కవరు పారేయవద్దు, దానిమీద తేదీ ఉంటుంది. ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయమని 9వ ఆర్డరు 13వ రూలు కింద కోరడానికి గడువు డిక్రీ తేదీ నుండి ముప్పై రోజులు. సమన్లు సక్రమంగా అందని వారికి డిక్రీ సంగతి తెలిసిన నాటి నుండి ముప్పై రోజులు. గడువు దాటితే ఆలస్యానికి కారణం చూపుతూ మరో పిటిషన్ జతచేయాలి. ప్రతి రోజూ లెక్కకు వస్తుంది. “రంజాన్ అయ్యాక చూద్దాం” అనే మాట ఇక్కడ పనికిరాదు.

భయపడి ఇల్లు వదిలి పారిపోవలసిన పని కూడా లేదు. అమీనా అన్నీ ఎత్తుకుపోలేడు. చేతిపనివారి పనిముట్లు, కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు 60వ సెక్షన్ ప్రకారం జప్తుకు అతీతం. దర్జీ కుట్టుమిషను అతని పనిముట్టు. డబ్బు డిక్రీలో స్త్రీని అరెస్టు చేసి నిర్బంధించరాదని 56వ సెక్షన్ చెబుతోంది. పురుషుడినైనా కేవలం కట్టలేని పేదరికం కారణంగా సివిల్ జైలుకు పంపరాదని 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు రాశారు. ఇవన్నీ మన పక్షాన ఉన్న కాగితాలు. వాటిని ఎవరైనా నోరు తెరిచి కోర్టులో చెప్పాలి, అంతే.

చెప్పేవారు కావాలంటే వకీలు కావాలి. ఉచిత న్యాయ సహాయానికి ఎవరు అర్హులో న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు, మరికొందరు బాధితులు, ప్రభుత్వం నిర్ణయించిన పరిమితికి లోపు ఆదాయం ఉన్నవారు అందులో ఉన్నారు. మతపరమైన అల్పసంఖ్యాకులు అన్న మాట లేదు. ఆ పట్టికలో మన పేరు చేర్చమని అడగడం న్యాయమైన కోరికే, ఈ పత్రిక అడుగుతూనే ఉండాలి. అందాకా ఉన్న తలుపును వాడుకుందాం. స్త్రీకి ఆదాయ పరిమితి లేదు. పురుషుడు ఆదాయ ధ్రువపత్రం పెట్టుకోవాలి. మండల న్యాయ సేవాధికార కమిటీలోనో, జిల్లా సంస్థలోనో తెల్లకాగితం మీద దరఖాస్తు ఇస్తే చాలు. ఫోను నంబరు 15100.

దర్జీ భార్య అలాగే వెళ్లింది. బురఖాలో ఒంటరిగా వచ్చిన ఆమెను ఆ కార్యాలయంలో కూర్చోబెట్టి, అర్జీ తెలుగులో రాసిపెట్టారు. భర్త పేరున ఆదాయ ధ్రువపత్రం జతచేయించి వకీలును నియమించారు. డిక్రీ రద్దుకూ, నాలుగేళ్ల ఆలస్యం మన్నింపుకూ పిటిషన్లు పడ్డాయి. ఈపీ ఆపడానికి కోర్టు సగం సొమ్ము జమ చేయమంది. అందుకోసం ఆమె రెండు గాజులు కుదువబెట్టింది, ఈసారి బ్యాంకులో, రశీదుతో. ఫైనాన్సువారు తమ కౌంటరులో ఆ 38 వేలు వేరే బాకీ కింద జమ చేసుకున్నామని రాశారు. అలాంటి బాకీ ఏదీ లేదని చెప్పగల సాక్షి ఒక్కరే, ఆనాడు వెంట వెళ్లిన పెద్దాయన. సాక్ష్యానికి వస్తారా అని అడగడానికి పోయిన నెల నేనూ ఆమె కలిసి ఆయన ఇంటికి వెళ్లాం. ఆరోగ్యం బాగాలేదని లోపలినుండి కబురు పంపారు. వాయిదా వచ్చే నెల 14న.